ఓసీడీకి మాత్రలా, ఈఆర్పీయా, రెండూనా: మా అమ్మ విషయంలో మేం ఎలా తేల్చుకున్నాం

మా అమ్మ చేతులు కడుక్కోవడం మొదలుపెడితే నాన్న వెళ్లి మోటారు వేసేవారు. రాజమండ్రిలో మా డాబా మీది ట్యాంకు వెయ్యి లీటర్లు. ఉండేది ఇద్దరే. అయినా అది రోజుకు రెండుసార్లు ఖాళీ అయ్యేది. పాలపాకెట్‌ను సబ్బుతో కడగాలి. పాకెట్ వేసిన కుర్రాడు తాకిన గేటు గొళ్లెం కడగాలి. గొళ్లెం కడిగిన చెయ్యి మోచేతి దాకా కడగాలి. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పిందంటే మళ్లీ మొదటికి. చుట్టాలు "మీ అమ్మకి మడి ఎక్కువరా" అనేవాళ్లు, కొంచెం గౌరవంగానే. పక్కింటావిడ మాత్రం చాదస్తం అనేది. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అన్న మాట మా ఇంటి గుమ్మం తొక్కడానికి పదకొండేళ్లు పట్టింది.

జబ్బు పేరు తెలిశాక ఇక దారి దొరికినట్టే అనుకున్నాం. అసలు తికమక అప్పుడే మొదలైంది. ఒకరు మాత్రలు వాడితే చాలన్నారు. ఇంకొకరు మాత్రలు మొదలుపెడితే జన్మలో మానలేరన్నారు. కౌన్సెలింగ్ అన్నారు, ధ్యానం అన్నారు, హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. ఏడాదిన్నర అలా గడిచిపోయింది. ఇప్పుడు అదే తికమకలో ఉన్న ఇళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఏ మందు, ఎంత డోసు అన్నది సైకియాట్రిస్టు తేల్చాల్సిందే. ఏ దారి ఎలా పనిచేస్తుందో, ఎవరికి ఏది ముందు నప్పుతుందో మాత్రం చెప్పగలను.

ముందు, అది ఓసీడీయేనా?

మడికీ దీనికీ తేడా మా అమ్మమ్మను తలుచుకుంటే నాకు ఇట్టే తెలుస్తుంది. ఆవిడ తడిబట్ట కట్టుకుని వంట చేసేది, మహానైవేద్యం అయ్యాక మడి విడిచేసి, కాళ్లు చాపుకుని వక్కలు నములుతూ కూర్చునేది. నియమానికి ఒక మొదలూ ఒక చివరా ఉండేవి. మా అమ్మకు ఆ చివర లేదు. ఎంత కడిగినా "ఇంకా పోలేదేమో" అన్న అనుమానం ఒకటి మిగిలిపోయేది. అది తప్పని ఆమెకూ తెలుసు. "నాకు తెలుసురా నాన్నా, కానీ చెయ్యి ఆగదు" అనేది. జబ్బంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

రమ్మనకుండానే బుర్రలోకి దూసుకొచ్చే ఆలోచన ఒకటి, దాని బాధ తగ్గించుకోవడానికి తప్పనిసరిగా చేసే పని ఒకటి. ఈ రెండూ కలిస్తేనే చక్రం. పని చేయగానే కాసేపు ఊరట. ఆ ఊరటే ఆలోచనకు మేత. అందుకే మర్నాడు అది ఇంకాస్త బలంగా వస్తుంది. ఈ ఆలోచనలూ పనులూ రోజుకు గంటకు మించి తింటున్నాయన్నా, ఉద్యోగమో చదువో సంసారమో వాటివల్ల దెబ్బతింటోందన్నా డాక్టర్లు జబ్బుగా లెక్కేస్తారు.

అందరిదీ శుభ్రం గోలే కాదు. గ్యాస్ నాబ్ ఇరవైసార్లు చూసేవాళ్లున్నారు. బండి మీద వెళ్తూ ఎవరినో గుద్దేశానేమోనని వెనక్కి తిరిగి అదే రోడ్డు మీద వెతికేవాళ్లున్నారు. గుళ్లో దణ్ణం పెట్టుకుంటుంటే దేవుడి గురించి బూతు ఆలోచన వచ్చి, లెంపలేసుకుని, పరిహారంగా నూటెనిమిదిసార్లు నామం జపించేవాళ్లున్నారు. అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయేది కొందరు బాలింతలు. "బిడ్డను నేనే ఏమైనా చేసేస్తానేమో" అన్న ఆలోచన వచ్చి వణికిపోతారు, కత్తిపీట దాచేస్తారు, ఎవరికీ చెప్పరు. ఆ ఆలోచనకు భయపడి బిడ్డకు దూరంగా జరిగే తల్లికి ఓసీడీ ఉండే అవకాశం ఎక్కువ. అది ఆమె కోరిక కాదు. దాన్ని ఒక డాక్టరుకు పైకి చెప్పడమే ఆమె చేయాల్సిన మొదటి పని. నిద్ర బొత్తిగా లేకుండా, ఎవరికీ వినపడని మాటలు వినపడుతూ, బిడ్డ గురించి వింత నమ్మకాలు పెట్టుకుంటే మాత్రం అది వేరే జబ్బు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తీవ్రత కొలవడానికి వై-బాక్స్ అనే కొలమానం ఉంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 నుంచి 15 దాకా తేలిక, 16 నుంచి 23 మధ్యస్థం, 24 నుంచి 31 తీవ్రం, 32 నుంచి పైన అతి తీవ్రం. అమ్మకు మొదటిసారి 27 వచ్చింది. ఈ అంకె రాయించుకోండి. ఆరు నెలల తర్వాత "పర్వాలేదు, తగ్గినట్టే ఉంది" అని ఊహించుకునే బదులు, ఎంత తగ్గిందో అదే చెబుతుంది.

మేం వెళ్లిన రెండు తప్పుదారులు

మొదట దగ్గర్లోని ఒక డాక్టరు టెన్షన్ అన్నారు. నిద్ర పట్టే మాత్ర రాశారు. అమ్మ మధ్యాహ్నం కూడా తూగేది, లేవగానే కడుక్కునేది. అల్‌ప్రజోలమ్ లాంటివి గాభరాను ఆ పూటకు అణుస్తాయి కానీ ఓసీడీని తగ్గించే మందులు కావు. పైగా అలవాటు పడిపోతారు.

ఆ తర్వాత ఒక కౌన్సెలర్. మంచి మనిషి, ఎంతో ఓపిగ్గా వినేవారు. తొమ్మిది నెలలు ప్రతి శనివారం వెళ్లాం. "క్రిములతో ఏమీ కాదమ్మా, పాజిటివ్‌గా ఆలోచించండి" అని ధైర్యం చెప్పేవారు. అమ్మకు ఆ రోజు హాయిగా ఉండేది, ఆదివారానికి ఆవిరైపోయేది. ఎందుకో చాలా తర్వాత అర్థమైంది. ధైర్యం చెప్పించుకోవడం కూడా కడుక్కోవడం లాంటిదే, అదే ఊరట, అదే చక్రం. మేం డబ్బిచ్చి మరీ దానికి మేత వేయించాం.

పెళ్లి చేస్తే కుదురుకుంటుందన్న సలహా కూడా ఊళ్లో బాగా నడుస్తుంది. పెళ్లికాని వాళ్ల విషయంలో దీన్ని దయచేసి వినకండి. ఒకరి బాధ ఇద్దరిదవుతుంది, అంతే. యోగా, ధ్యానం చేసుకుంటామంటే చేసుకోండి. కానీ అవి పక్కవాయిద్యాలే.

కచేరీ చేసేవి రెండే ఉన్నాయి: ఈఆర్పీ అనే థెరపీ, మందులు.

ఈఆర్పీ: భయానికి ఎదురుపడి, పని ఆపడం

ఈఆర్పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటే భయపెట్టే వస్తువుకో ఆలోచనకో కావాలని ఎదురుపడి, ఆ తర్వాత చేసే పనిని మాత్రం చేయకుండా ఉండటం. 1966లో విక్టర్ మేయర్ అనే మానసిక నిపుణుడు లండన్‌లో ఇద్దరు రోగుల మీద ఇలాంటి పద్ధతి ప్రయత్నించి రాసినప్పటి నుంచి ఇది మెరుగవుతూ వచ్చింది. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే సీబీటీ అనే పెద్ద గొడుగు కింద ఇదొక రకం. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. వాటికన్నా ముఖ్యమైంది ఇంట్లో రోజూ చేసే హోంవర్క్.

వినడానికి క్రూరంగా ఉంటుంది. నాక్కూడా అలాగే అనిపించింది. కానీ ఎవరూ ఎవరినీ తోసెయ్యరు. ముందు ఒక నిచ్చెన రాస్తారు. సున్నా నుంచి నూరు దాకా ఏది ఎంత భయమో. అమ్మ నిచ్చెనలో కింది మెట్టు సొంత చెప్పులు, విలువ 30. పైమెట్టు బస్టాండు బాత్రూము తలుపు, విలువ 100. గేటు గొళ్లెం మధ్యలో, 60.

గొళ్లెం రోజు నాకు బాగా గుర్తు. థెరపిస్టు ఫోన్ వీడియోలో ఉన్నారు. నేను ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిల్చున్నాను. అమ్మ చూపుడు వేలు గొళ్లేనికి ఆనించి, కాలిన దోసె పెనం తాకినట్టు తీసేసింది. "ఎంతమ్మా?" అని ఆవిడ అడిగారు. "ఎనభై." "మళ్లీ పెట్టండి, అరచెయ్యంతా." ఈసారి పెట్టింది. తర్వాత అదే చేత్తో పైట సర్దుకోమన్నారు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. సర్దుకుంది. ఇక కడుక్కోకుండా వరండాలో కుర్చీలో కూర్చోవాలి. పదిహేను నిమిషాలకు ఎనభై అయిదు. కళ్లల్లో నీళ్లు. నలభై నిమిషాలకు "యాభై అయిదు అనుకో". గంట దాటాక అమ్మ ఉన్నట్టుండి "సాయంత్రం పెసరట్లు పోయనా?" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అదే దాని పనితనం. కడుక్కోకపోయినా భయం తనంతట తాను దిగుతుందని, దిగకపోయినా దాన్ని భరించవచ్చని, అనుకున్న ఉపద్రవం రాలేదని శరీరానికి తెలియాలి. నోటిమాటతో చెబితే అది తెలియదు.

దీని మేలు నిలుస్తుంది, ఇది నేర్చిన విద్య లాంటిది. దుష్ప్రభావాలంటూ లేవు, కష్టమే దాని దుష్ప్రభావం. కొందరు మొదలే పెట్టరు, కొందరు మధ్యలో వదిలేస్తారు. ఇంకో చిక్కు, నిజంగా ఈఆర్పీ చేయగలిగేవాళ్లు మన ఊళ్లలో తక్కువ. ఖర్చు కూడా సెషన్ లెక్కన పెరుగుతుంది.

మందులు: తక్కువ ఖర్చు, ఎక్కువ ఓపిక

ఓసీడీకి మొదట వాడేది ఎస్ఎస్ఆర్ఐ రకం, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు. ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్, ఎస్సిటాలోప్రామ్ వగైరా. డిప్రెషన్‌కు వాడేవీ ఇవే, అయితే రెండు తేడాలున్నాయి. ఓసీడీకి డోసు ఎక్కువ కావాలి. సెర్ట్రలిన్ 200 మిల్లీగ్రాముల దాకా, ఫ్లూయాక్సిటిన్ 60, ఒక్కోసారి 80 దాకా మెల్లగా పెంచుతారు. సమయం కూడా ఎక్కువే. సరైన డోసులో 8 నుంచి 12 వారాలు వాడితేగానీ పనిచేసిందో లేదో తేల్చలేం. చిన్న డోసులో మూడు వారాలు వాడి "మాకు పడలేదండీ" అని మానేసినవాళ్లను నేనే నలుగురిని చూశాను. వాళ్లు మందు వాడినట్టు లెక్క కాదు.

మొదటి రెండు వారాలు వికారం, తలనొప్పి, కొంచెం గాభరా ఉండొచ్చు. చాలామందికి సర్దుకుంటాయి. అంత త్వరగా సర్దుకోనిది లైంగిక ఇబ్బంది. కోరిక తగ్గడం, ఆలస్యం కావడం. మనవాళ్లు దీన్ని డాక్టరుకు చెప్పలేక గుట్టుగా మందు మానేస్తారు. చెప్పండి, మార్చడానికి మార్గాలుంటాయి. పాతికేళ్లలోపు వాళ్లకు మొదలుపెట్టిన కొత్తలోనూ డోసు మార్చినప్పుడూ చనిపోవాలన్న ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి.

"అలవాటైపోతాయి" అన్న భయానికి ఒక్క మాట. ఇవి నిద్రమాత్రల్లా డోసు పెంచుకుంటూ పోవాలనిపించే వ్యసనం కావు. కానీ ఒక్కసారిగా ఆపితే తలతిప్పడం, చిరాకు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం ఉంటాయి. అందుకే నెమ్మదిగా తగ్గిస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించమంటారు. ఆపాక లక్షణాలు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఈఆర్పీతో పోలిస్తే మందుల బలహీనత ఇదే.

పాత మందు క్లోమిప్రమిన్ ఒకటుంది. 1989లో అమెరికాలో ఓసీడీకని అనుమతి పొందింది. బాగా పనిచేస్తుంది. కానీ నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మగత ఎక్కువ, గుండె లయ మీదా ప్రభావం ఉంటుంది కాబట్టి ఈసీజీ తీయించమంటారు. ఎక్కువ డోసులో మూర్ఛ వచ్చే ప్రమాదం కూడా ఉంది. అందుకే సాధారణంగా ఎస్ఎస్ఆర్ఐలు పనిచేయకపోతేనే దీని వైపు చూస్తారు.

ఖర్చు విషయంలో మందులదే పైచేయి. ఇవన్నీ పాతబడిన జెనరిక్ మందులు. కొన్ని జన ఔషధి కేంద్రాల్లోనూ దొరుకుతాయి.

రెండూ పక్కపక్కన పెడితే

2005లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 12 వారాల తర్వాత మెరుగైనవాళ్లు ఈఆర్పీ చేసినవారిలో 62 శాతం, క్లోమిప్రమిన్ వాడినవారిలో 42 శాతం, రెండూ చేసినవారిలో 70 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 8 శాతం. అంటే ఈఆర్పీ ముందుంది, అదీ బాగా శిక్షణ పొందినవాళ్ల చేతిలో. రెండూ కలిపినప్పుడు అదనంగా వచ్చింది కొంచెమే.

పిల్లల్లో లెక్క ఇంకా స్పష్టం. 2004లో 7 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనలో సెర్ట్రలిన్, థెరపీ కలిపితే సగానికి పైగా పిల్లల్లో జబ్బు దాదాపు పోయింది. థెరపీ ఒక్కటే అయితే 39 శాతం, మందు ఒక్కటే అయితే 21 శాతం. చిన్నపిల్లలకు మందు ఒక్కటే రాసి పంపించేస్తుంటే "థెరపీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగే హక్కు మీకుంది.

ఇవన్నీ చూసి "అయితే ఈఆర్పీయే" అని తేల్చేయొచ్చు కదా అంటే, మా ఇంట్లో అలా కుదరలేదు. 27 మార్కుల దగ్గర అమ్మ గొళ్లెం తాకే స్థితిలో లేదు. అన్నం సరిగ్గా తినేది కాదు, "ఈ బతుకెందుకు" అంటుండేది. సైకియాట్రిస్టు ముందు సెర్ట్రలిన్ మొదలుపెట్టి 150కి తెచ్చారు. పదకొండో వారానికి మార్కులు 17. ఆలోచనలు పోలేదు. "రేడియో సౌండు తగ్గించినట్టుంది" అంది అమ్మ. ఆ తగ్గిన సౌండులో ఈఆర్పీ చేయగలిగింది. అయిదు నెలలకు 11.

అందుకే నా లెక్కలో "ఏది గొప్పది?" అన్న ప్రశ్న రెండోది. ఈ మనిషి ఈ నెలలో ఏది చేయగలరన్నది మొదటిది.

మీ పరిస్థితికి ఏది ముందు

లక్షణాలు తేలిక నుంచి మధ్యస్థంగా ఉండి, మనిషి కష్టపడటానికి సిద్ధంగా ఉండి, ఈఆర్పీ తెలిసిన థెరపిస్టు దొరికితే దానితోనే మొదలుపెట్టండి. మూడు నెలలు చిత్తశుద్ధిగా చేసి చూడండి.

తీవ్రంగా ఉంటే, డిప్రెషన్ కూడా కలిసి ఉంటే, లేదా చుట్టుపక్కల థెరపిస్టే లేకపోతే మందుతో మొదలుపెట్టండి. థెరపిస్టు కోసం ఎదురుచూస్తూ మందు వాయిదా వేయకండి. చనిపోవాలన్న మాట నోటివెంట వస్తే పోలికలూ ఎంపికలూ పక్కనపెట్టి వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వీలైతే ఈఆర్పీ ముందు. అయితే ఇప్పటికే మందు వాడుతుంటే కడుపు వచ్చిందని తెలియగానే భయపడి సొంతంగా ఆపొద్దు. కొన్ని మందులు మార్చాల్సి ఉంటుంది, కొన్ని కొనసాగించవచ్చు. అది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. పెద్దవాళ్లు గుండెకో బీపీకో మందులు వాడుతుంటే ఆ చీటీలన్నీ సైకియాట్రిస్టుకు చూపించండి. మా నాన్న అవన్నీ ఒక పాత స్వీటు డబ్బాలో పెట్టి పట్టుకొచ్చేవారు. ఏ ఫైలూ దానికి సాటిరాదు.

బయటికి ఏ పనీ కనపడకుండా అంతా మనసులోనే నడిచేవాళ్లున్నారు. మనసులో జపం, మనసులో లెక్క, జరిగినదాన్ని పదేపదే తిరగేసుకోవడం. వీళ్లకు ఈఆర్పీ పనికిరాదన్న అపోహ ఉంది. పనికొస్తుంది, చేసే తీరు వేరు. భయపెట్టే ఆలోచనను కాగితం మీద రాసి చదవడం, ఆ తర్వాత జపం చేయకుండా ఉండటం, అలా ఉంటుంది. దీనికి అనుభవం ఉన్నవాళ్లే కావాలి.

ఎక్కడికి, ఎవరి దగ్గరికి

మందు రాయగలిగేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ మీద సైకియాట్రీ చదివిన డాక్టరు. థెరపీ చేసేది ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు. వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నమోదు నంబరు (సీఆర్ఆర్ నంబరు) అడగండి, అడిగితే ఏమీ అనుకోరు. బోర్డు మీద కౌన్సెలర్, లైఫ్ కోచ్, మైండ్ హీలర్ అని ఉన్నంత మాత్రాన ఈఆర్పీ వస్తుందనుకోకండి.

ప్రభుత్వంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని మానసిక వైద్యశాల పెద్దవి. ఎర్రగడ్డ అనగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు, సినిమాల పుణ్యం. నిజానికి రోజూ బయటి రోగులుగా వచ్చి చూపించుకుని ఇంటికి వెళ్లేవాళ్లు చాలామంది. జబ్బు మొండిదైతే బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అయితే అది దారి చూపే ఫోను. అందులోనే ఈఆర్పీ అయిపోతుందని ఆశపడకండి.

ఆన్‌లైనా, ఎదురుగానా అంటే, ఓసీడీ విషయంలో నా ఓటు ఆన్‌లైన్ వైపే. గొళ్లెం, కుళాయి, గ్యాస్ నాబ్ ఉండేది ఇంట్లో కదా. క్లినిక్‌లో కూర్చుని వాటి గురించి మాట్లాడటం వేరు, థెరపిస్టు వీడియోలో చూస్తుండగా వాటిని ముట్టుకోవడం వేరు. బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకూ, ఇంట్లో ఏకాంతం దొరకనివాళ్లకూ మాత్రం ఎదురుగా వెళ్లడమే మేలు.

భాష సంగతి కూడా చూసుకోవాలి. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కుర్రాడికి ఇంగ్లిషు థెరపిస్టుతో ఇబ్బంది ఉండదు, అక్కడ నైపుణ్యమే చూడాలి. కానీ మా అమ్మ "అంటు", "మైల", "ఎంగిలి" అన్న మూడు మాటల మధ్య పెట్టుకున్న తేడాలు ఏ ఇంగ్లిషులో చెప్పాలి? థెరపిస్టు తెలుగావిడ కాబట్టి రెండో సెషన్‌కే అడిగేశారు, "మీ అమ్మగారు చేసిన మడి ఎంత, దానికి మీరు కలిపింది ఎంత?" అని. అమ్మ ఆచారాన్ని ఆవిడ ముట్టుకోలేదు, అమ్మ కలిపినదాన్నే తీసేశారు. వేరే భాషలో ఆ గీత గీయడం కష్టమయ్యేది.

బీమా సంగతి. మానసిక జబ్బులకు కూడా శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కాకపోతే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, ఓసీడీ వైద్యం ఎక్కువగా బయటి రోగిగానే నడుస్తుంది. పాలసీలో ఓపీడీ, అంటే బయటి రోగి ఖర్చు, ఉందో లేదో చూసుకోండి.

ఏ దారి ఎంచుకున్నా ఇంట్లోవాళ్లు మానాల్సింది

"ఒరే, గేటు తాకి వచ్చి ఏమైనా ముట్టుకున్నావా?" రోజుకు పాతికసార్లు అమ్మ అడిగేది. "లేదమ్మా" అనేవాళ్లం. నాన్న మోటారు వేసేవారు. నేను హైదరాబాద్ నుంచి వెళ్తే వీధిలోనే బట్టలు మార్చుకునేవాణ్ణి. అంతా ప్రేమతోనే. ఆ ప్రేమంతా జబ్బు ఖాతాలోకే పోయింది. థెరపిస్టు మాకు ఒక వాక్యం ఇచ్చారు: "అమ్మా, ఇది ఓసీడీ అడుగుతోంది, దానికి నేను జవాబు చెప్పను. నువ్వు ఉండగలవు." మొదటిసారి అన్నప్పుడు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "కన్నకొడుకువేనా నువ్వు" అంది. నాన్న రెండుసార్లు మెత్తబడి దొంగచాటుగా మోటారు వేశారు. ఇది ఒక్కసారిగా, కోపంతో చేసే పని కాదు. ముందే చెప్పి, ఒప్పించి, ఒక్కొక్కటే మానాలి. తిట్టడం, నలుగురిలో నవ్వడం, కుళాయి కట్టేయడం ఈఆర్పీ కాదు, హింస.

రెండూ చేసినా తగ్గకపోతే

ముందు నిజంగా రెండూ చేశారా అని చూసుకోండి. డోసు చాలినంత ఉందా, 12 వారాలు అయ్యాయా, థెరపీ పేరుతో జరిగింది ఈఆర్పీయేనా? మందు ఒక్కటే వాడుతూ సగంలో ఆగిపోయినవాళ్లకు 2013 నాటి ఒక పరిశోధన పనికొస్తుంది. ఎస్ఎస్ఆర్ఐ వాడుతున్నవారికి ఈఆర్పీ కలిపితే 80 శాతం మందికి మేలు కనపడింది, రిస్పెరిడోన్ అనే రెండో మాత్ర కలిపితే 23 శాతానికే. కాబట్టి చీటీలో ఇంకో మాత్ర చేరే ముందు థెరపీ ఊసెత్తండి.

అయినా లొంగకపోతే ఎస్ఎస్ఆర్ఐ మార్చడం, క్లోమిప్రమిన్, అరిపిప్రజోల్ లాంటిది చిన్న డోసులో కలపడం ఉన్నాయి. ఆ తర్వాత తల మీద అయస్కాంత తరంగాలతో చేసే టీఎంఎస్. ఇందులో ఒక రకానికి 2018లో అమెరికాలో ఓసీడీకి అనుమతి వచ్చింది. నొప్పి పెద్దగా ఉండదు, ఖర్చు ఉంటుంది. కానీ ఈఆర్పీ అసలు చేయకుండానే టీఎంఎస్ ప్యాకేజీ అమ్మజూపే చోటు నుంచి లేచి వచ్చేయండి. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స కూడా ఉంది. అది ఏళ్ల తరబడి దేనికీ లొంగని అతి కొద్దిమందికే.

అమ్మకు అంతదాకా రాలేదు. పోయిన కార్తీకంలో కాస్త తిరగబెట్టింది, మార్కులు 15కి పోయాయి. మందు పెంచలేదు. నాలుగు సెషన్లు మళ్లీ చేసింది, ఈసారి నిచ్చెన తనే రాసుకుంది. ట్యాంకు ఇప్పుడు రోజుకు ఒకసారి కూడా నిండా ఖాళీ కాదు.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు నేను ముగ్గురికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను: "మా అమ్మ గేటు గొళ్లెం తాకలేదు. మొదటి నాలుగు సెషన్లలో మీరు ఏం చేయిస్తారు?" ఒకాయన చిన్ననాటి సంగతులు తవ్వుతామన్నారు. ఇంకొకరు రిలాక్సేషన్ నేర్పుతామన్నారు. మూడో ఆవిడ మాత్రం, "మొదటి రెండింటిలో నిచ్చెన రాస్తాం. మూడో దాంట్లో చెప్పులు ముట్టుకుంటారు. గొళ్లెం అప్పుడే కాదు, ఆరో వారానికి చూద్దాం. ఆ రోజు మీరు ఇంట్లో ఉండగలరా?" అని తిరిగి నన్నే అడిగారు. ఆమె దగ్గరే చేరాం.